నాకేం తెలుసన్న సూపర్‌వైజరు

విచారణాధికారి గారూ, నన్నందరూ చీపురవ్వ అంటారు. డెబ్బై ఏళ్లు. ఇంట్లో నేనూ, నా కోడలూ; ఇద్దరం ఆఫీసు మరుగుదొడ్లు కడుగుతాం.

“బ్లీచింగులో యాసిడ్ పొయ్యండే, తళతళలాడతాయి” అన్నాడు సూపర్‌వైజరు. కోడలు పోసింది. క్లోరిన్ పొగ లేచి దాని ఊపిరితిత్తుల్ని కాల్చేసింది. ఇప్పుడది నాలుగు మెట్లెక్కలేదు.

“అది విషమవుతుందని నాకేం తెలుసు?” అని మీ విచారణలో ఆయన ప్రమాణం చేశాడు.

నిన్న ఆయన్ని మరుగుదొడ్లోకి పిలిచి, యాసిడ్ సీసానూ బ్లీచింగు డబ్బానూ ఎత్తాను. “మీరు చెప్పినట్టే పోస్తున్నానయ్యా, చూడండి.”

“ఒద్దే ముసలీ, ఇద్దరం చస్తాం! ఆ పొగ సంగతి తెలిసే ఆరోజు నేను లోపలికి రాలేదు!” అంటూ ముక్కు మూసుకుని పరిగెత్తాడు.

తెలియనివాడికి ఆరోజే అంత భయమెందుకు? ఆ రెంటిలోనూ నేను పోసుకొచ్చింది కుళాయి నీళ్లే. ఆయన్ని జైల్లో పెట్టేదాకా నేను చావను.

ఇది నా వేలిముద్ర. సాక్షులు: అరుపు విన్న వాచ్‌మన్, ఆయన గుద్దుకున్న లిఫ్టతను.