కోళ్లు తిన్న ఒడిబియ్యం

కేతేపల్లి నుంచి భువనగిరి దాకా అబద్ధం చెప్పుట్ల నన్ను మించినోడు లేడు. అయినా ఒట్టేసి చెప్తున్న, ఈ కథల మాత్రం ఒక్క అబద్ధం లేదు.

మా వాడకట్టుల కడారోళ్ల ఇంటి ముంగట ఆటో ఆగింది.

అందుల నుంచి యాభై ఏండ్ల మనిషి దిగిండు. చేతిల తెల్లబట్ట మూట. మూటకు పసుపు మరకలు.

వాకిట్ల సోమమ్మ గంప ఎత్తి కోళ్లను ఇడుస్తాంది. మూటను చూడంగనే ఆమె కండ్లల్ల కారం పడ్డట్టయింది.

ఒడిబియ్యం!

పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, చీర. పుట్టింటోళ్లు తెచ్చి తమ ఇంటి ఆడపిల్ల ఒడిల పోస్తరు.

సోమమ్మకు ఎన్నడూ ఎవలూ పొయ్యలేదు. ఆమె యారాలు లక్ష్మీనర్సమ్మకు, అంటే మరిది పెండ్లానికి, పొయ్యని యేడు లేదు.

యారాలి తమ్ముళ్లు వచ్చిన దినమల్ల సోమమ్మకు కడుపునొప్పి. దుప్పటి కప్పుకొని పండేది. చెవులు మాత్రం బయటనే పెట్టేది.

"అక్కా, కడారోళ్ల ఇల్లు ఇదేనా?"

"నేనెవలికయ్యా అక్కను? ఇదే. ఏం పని?"

"ఈ ఇంటి కోడలికి ఒడిబియ్యం తెచ్చిన. బొంబాయి నుంచి వస్తున్న."

ఏ కోడలికని సోమమ్మ అడగలేదు. అడిగేదేమున్నది? ఆ ఇంట్ల ఒడిబియ్యం వచ్చేది ఒక్క కోడలికే.

'ఇన్నొద్దులు ఇక్కడోళ్లే అనుకున్న. బొంబాయిల గూడ ఉన్నరా దీనికి తమ్ముళ్లు!'

లక్ష్మీనర్సమ్మ పక్క చేన్ల పత్తి ఏరుతాంది. గట్టిగ పిలిస్తే పలుకుతది.

"ఆమె లేదు. పుట్టింటికి పోయింది," అన్నది సోమమ్మ.

ఆయన బిత్తరపోయిండు.

"పుట్టింటికా? పుట్టింటోళ్లు ఉన్నరా ఆమెకు?"

"లేకేం! మందకు మంద ఉన్నరు. ఒకల ఎనక ఒకలు వస్తనే ఉంటరు. నెత్తి మీద పెట్టుకొని తిప్పుతరు."

ఆయన జరసేపు మూట దిక్కు చూసుకున్నడు. మెల్లగ నవ్విండు.

"అచ్చా. మంచిదే కదక్కా. అయితే నేను పోత. దీన్ని ఎనకకు తీస్కపోవద్దంటరు. ఆమె వస్తే ఇయ్యి. కొంగు పట్టు."

సోమమ్మ కొంగు పట్టింది. ఆయన వంగి, రెండు చేతులతోని మూట అందుల పెట్టిండు. మంచినీళ్లన్న అడగకుండ ఆటో ఎక్కిండు.

ఆటో మూల తిరిగిందో లేదో, సోమమ్మ ముడి విప్పింది. చీరను సందుగు పెట్టెల అడుగుకు తోసింది. బియ్యం కోళ్లకు చల్లింది.

"తినుండ్రి, కడుపునిండ తినుండ్రి. మహారాణికి ఇంకో తమ్ముడు తెస్తడు తియ్యి!"

పొద్దుగూకంగ మనుమరాలు నిహారిక చౌటుప్పల్ల నౌకరి దిగి ఇంటికొచ్చింది. వాకిట్లనే ఆగిపోయింది.

"అవ్వా, కోళ్ల ముక్కులు పచ్చగున్నయేంది?"

సోమమ్మ నవ్వుకుంట అంత చెప్పింది.

నిహారిక గడప మీద కూలబడ్డది.

"బొంబాయి అన్నడా? ఆయన చిన్నవ్వ కోసం రాలేదే అవ్వా. నీ కోసం వచ్చిండు."

"నాకెవలున్నరే?"

సోమమ్మది అచ్చంపేట దిక్కు, చిర్రబోయినోళ్ల ఇల్లు. కరువుల గొర్లు సచ్చిపోతే తల్లీ బాపూ సంటి తమ్ముణ్ణి ఎత్తుకొని బొంబాయికి మట్టిపనికి పోయిన్రు. మల్ల రాలేదు. సోమమ్మను వాళ్ల అవ్వ సాది పెండ్లి చేసింది.

వాళ్ల కోసమే నిహారిక కొన్ని నెలల నుంచి ఫోన్ల వెతుకుతాంది. వంశాలు వెతికే సైట్లు ఉన్నయట. చిర్రబోయిన అని కొడితే ఎవలూ రాలేదు. 'బోయిన'ను ఇంగ్లీషుల ఒకలు ఒక తీరు, ఇంకొకలు ఇంకో తీరు రాస్తరు. 'చిర్ర' అయితే ఎవని ఇష్టం వానిది.

పిల్ల నన్ను గూడ అడిగింది.

"తాతా, చిర్రకు ఇంగ్లీషుల 'ఆర్' ఒకటి పెట్టాల్నా, రెండా?"

"బిడ్డా, నేను సదివింది మన ఊరి బడిల. ఇంగ్లీషు మా దాకా వచ్చేలోపల పంతులు బదిలీ అయిండు."

ఏ తీరుగ కొడితే దొరికిండో గాని, ఆఖరికి బొంబాయిల ఒకాయన దొరికిండు. మల్లికార్జున్ అని. వస్త అన్నడు. చెప్పినంక రాకపోతే అవ్వ గుండె పగులుతదని, పిల్ల అవ్వకు చెప్పలేదు.

"నీ తమ్ముడే అవ్వా," అన్నది నిహారిక.

సోమమ్మ వాకిట్ల గొంతుకూసొని, మట్టిల మిగిలిన పసుపు గింజలను ఒక్కొక్కటి ఏరి కొంగుల ఏసుకున్నది.

చేను నుంచి వచ్చిన లక్ష్మీనర్సమ్మ ఏమైందని అడగలేదు. పక్కన కూసొని తనూ ఏరింది.

ఆయనకు ఫోన్ చేస్తే కలువలేదు. ఇయ్యాల్టికీ కలుస్తలేదు.

ఇప్పుడు సోమమ్మ ఆ చీర కట్టుకొని వాడకట్టంత తిరుగుతది. "మా తమ్ముడు తెచ్చిండు. బొంబాయి చీర," అంటది. కడుపునొప్పి ఇప్పుడు లక్ష్మీనర్సమ్మకు.

ఇగ, ఒక్క అబద్ధం లేదన్న కదా? ఒక్కటున్నది.

'నీ తమ్ముడే' అన్న మాట. గా మాట నేను కల్పించి, అట్లనే చెప్పుమని నిహారికకు ముందుగాల్నే నేర్పిన. సోమమ్మకు చెప్పకుండ్రి.

ఆయన వచ్చేముందు పెట్టిన మెసేజి పిల్ల నాకు చూపెట్టింది.

"బిడ్డా, ఇంటిపేరు కలిసింది గాని మాది మక్తల్ దిక్కు. మీ అవ్వకు నేనేమీ కాను. నేనూ నా వాళ్ల కోసం వెతికి వెతికి అలిసిపోయిన. ఆమెకు తమ్ముడు లేడు, నాకు అక్క లేదు. ఒక్కసారొచ్చి బియ్యం పోసి పోనా?"