కోటాలో ఆఖరిది

తుపాకీ చప్పుడు విని మొదట పరిగెత్తుకొచ్చినవాడు మరిది ఆరిన్.

గొర్రెల దొడ్డి కంచె అవతల, మంచులో కొండసింహం పడి ఉంది. పక్కనే వెర్లా నిలబడి ఉంది, తుపాకీ ఇంకా చేతిలోనే.

"వదినా! కొట్టేశావా?"

"కొట్టక? గొర్రెల్ని తిన్నాక నన్ను తినేదాకా ఆగాలా? వేట లైసెన్సుంది, ఒకదాన్ని కొట్టుకొమ్మని ఇచ్చిన ట్యాగుంది. ఓ చెయ్యి వెయ్యి, బండిలోకి ఎత్తుదాం."

ఆరిన్ వంగి తోక ఎత్తి చూశాడు. అతని మొహం పాలిపోయింది.

"ఆడది వదినా."

"తెలుసు. పాలు లేవు, చుట్టుపక్కల పిల్లల జాడా లేదు. అన్నీ చూశాను."

"అది కాదు. ఈ ఏడు మన లోయలో కొట్టడానికి సర్కారు ఇచ్చిన కోటాలో మిగిలింది ఒక్క ఆడదే. నువ్వు వేట ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పావంటే ఈ రాత్రికే వేట మూసేస్తారు. మా దొర థర్లో అతిథులు వేటకు రేపు దిగుతున్నారు. దీన్ని గడ్డి కొట్టంలో పడేసి, సోమవారం చెబుదూ!"

"పన్నెండు గంటల్లో చెప్పాలని రూలు."

"ఎవడు చూశాడు?"

"నేను చూశాను."

థర్లో నిరుడు ఈ లోయకు వచ్చిన వేట కాంట్రాక్టరు. డబ్బున్నవాళ్లను రప్పించి, వేటకుక్కలతో కొండసింహాల వెంట తిప్పుతాడు. ఆరిన్ అతని దగ్గర వంటవాడు. వెర్లా థర్లోని ఒక్కసారి కూడా చూడలేదు. అతను వచ్చాక కొండదారి గేటుకు తాళం పడింది. ఆమెకు అది చాలు. బెల్టుకు వెండి బకిల్, కొత్త టోపీ, బోర విరుచుకుని నడిచే మనిషిని ఊహించుకుంది. చూడకుండానే మనసారా ద్వేషించింది.

"మరి నా జీతం వదినా?"

"మీ దొరతో చెప్పుకో. నన్ను ఆపాలనుంటే ఆయన్నే రమ్మను. ఇక్కడే ఉంటా."

ఆరిన్ చెయ్యి వేయకుండానే విసురుగా వెళ్లిపోయాడు.

ఇంట్లో ఫోన్ లైను మంచు బరువుకు తెగిపోయి ఉంది. ఊళ్లోకి వెళ్లి చేయాలి. కళేబరాన్ని వదిలి వెళితే తిరిగొచ్చేసరికి మాయం చేయరని నమ్మకమేమిటి? వెర్లా ఒక్కతే దాని కాళ్లు పట్టుకుని లాగింది. జానెడు కూడా కదల్లేదు.

ఇంతలో ఒక డొక్కు ట్రక్కు వచ్చి ఆగింది. వెనక రెండు ముసలి వేటకుక్కలు. దిగినవాడు బక్కమనిషి, మోచేతుల దగ్గర చిరిగిన కోటు.

"ఆరిన్ చెప్పాడమ్మా," అన్నాడు.

"ఓహో! దొరగారు కుక్కల కాపరిని పంపాడా? ఆయనకు కాళ్లు లేవా?"

అతను చిన్నగా నవ్వాడు. మోకాళ్ల మీద కూర్చుని జంతువు పొట్ట తడిమి చూశాడు.

"పాలు లేవు."

"లేవని నేనూ చెప్పగలను. నా మాట నమ్మవా?"

"నమ్ముతానమ్మా. చూడ్డం అలవాటు."

అతను లేవలేదు. జంతువు ఒంటి మీది మంచు చేత్తో దులిపాడు. ఇక బతిమాలడమో బెదిరించడమో మొదలవుతుందనుకుంది వెర్లా. తనే ముందు అందుకుంది.

"సోమవారం దాకా ఆగమంటావు, అంతేగా? ఆగను. ఈ మోంటానాలో పుట్టి పెరిగాను. రూలు తప్పి ఒక్క కుందేల్ని కూడా కొట్టలేదు. మీ దొర అతిథుల కోసం ఇప్పుడు మొదలుపెట్టను. దుకాణం కట్టేసుకుని పొమ్మన్నానని చెప్పు."

"చెప్తానమ్మా."

"మెత్తగా నసగకు. నేనన్నట్టే చెప్పు."

"మీరన్నట్టే చెప్తాను."

అతను ఓ పుల్ల విరిచి కొండసింహం దవడల మధ్య నిలబెట్టాడు. "నోరు బిగుసుకుపోతే రేపు ఆఫీసువాళ్లు పన్ను తీయలేరు. వయసు చూడ్డానికి పన్ను కావాలి. తోలూ తలా రాత్రి బయట వదలకండి, గడ్డకడితే మళ్లీ రమ్మంటారు. ఫోన్ చేశారా?"

"లైను తెగింది. ఊళ్లోకి వెళ్లి చేస్తా. దారిలో అడ్డం పడమని పంపాడేమో, పడి చూడు!"

అతను జేబులోంచి ఫోన్ తీశాడు. దాని అద్దం మీది తడిని కోటు అంచుతో రెండుసార్లు తుడిచాడు. తర్వాత ఆమెకు అందించాడు.

"ఇక్కడ సిగ్నల్ ఉంది. చేసేయండి."

వెర్లా అతని మొహంలోకి సూటిగా చూస్తూ ఆఫీసుకు ఫోన్ చేసింది. తన పేరు, చోటు, ట్యాగు చెప్పింది. 'ఆడది' అన్న మాట కావాలని గట్టిగా పలికింది. అతను కొండవైపు చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత ఇద్దరూ కలిసి కొండసింహాన్ని ఆమె బండిలోకి ఎత్తారు. లోపల కాఫీ మరుగుతోంది. దొర మనిషికి కాఫీ ఏమిటని వెర్లా అడగలేదు.

మర్నాడు ఆఫీసులో మారెన్ అనే అమ్మాయి పట్టకారుతో పన్ను ఊడబీకింది. తోలుకు సీలు వేసింది.

"అయిపోయింది. లోయ నిన్న రాత్రే మూసేశాం."

వెర్లా నడుం మీద చేతులు పెట్టుకుంది. "థర్లో వచ్చి గొడవ చేశాడా? చేస్తే నాతో చెప్పు, నేను చూసుకుంటా."

"గొడవా? పొద్దున వచ్చి పర్మిట్ అప్పగించాడు పాపం. ఉన్నదంతా ఈ సీజను మీదే పెట్టాడు. వంటాయనకు మాత్రం చలికాలం జీతం మొత్తం ఇచ్చేశాడట. కుక్కల్ని ఎక్కించుకుని నెవాడా వెళ్లిపోయాడు. ఇక రాడు."

"మొహం చూపించకుండా పారిపోయాడన్నమాట! ఒక్కసారి ఎదురుపడి ఉంటే కడిగేసేదాన్ని."

మారెన్ వింతగా చూసింది.

"అదేంటి వెర్లా గారూ, నిన్న మీరు నాతో మాట్లాడింది ఆయన ఫోన్ నుంచే కదా!"