బండికేసిన దండ

షోరూములో ఉన్న తెల్ల బండిలో ఎవరో కూర్చుని ఉండటం చూసి జగదీశ్‌కు ఒళ్లు మండింది.

బక్కపలచటి మనిషి. నెరిసిన గడ్డం, నలిగిన చొక్కా. ఒళ్లో అరిటాకులో చుట్టిన పూలదండ. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి, ఊరికే ముందుకు చూస్తున్నాడు.

"ఏంప్పా పూలోడా! ఆడ కూర్చుంటే సీటు మాసిపోతాది. దిగు, దిగు."

ఆ మనిషి దండ పట్టుకుని దిగాడు.

జగదీశ్‌కు ప్రొద్దుటూరులో రెండు బట్టల కొట్లున్నాయి. బుర్ర మాత్రం ఒకటే. అదీ బేరం దగ్గరే ఆగిపోతుంది. ఎత్తుగా ఉండే ఎస్‌యూవీ ఒకటి కొనాలని ఉగాది నుంచీ అంటున్నాడు. ఆషాఢంలో కొనకూడదన్నాడు. శ్రావణం వస్తే, జీఎస్టీ తగ్గనీ అన్నాడు. తగ్గింది. దసరాకు ఇంకా ఏమన్నా తగ్గిస్తారేమో అన్నాడు. ఊరంతా ఎగబడి కొంటుంటే, ఈ మహానుభావుడు ఫోన్లో వీడియోలు చూస్తూ మైలేజీలు పోల్చుకున్నాడు. దీపావళి కూడా దాటిపోయింది.

ఈలోగా తల్లి రామసుబ్బమ్మ బాత్రూములో జారిపడింది. తుంటికి ఆపరేషన్ అయింది. ఇంట్లో ఉన్న పాత కారు సీటు బాగా పల్లం. అందులో కూలబడి లేవబోతే ఒకసారి తుంటి కీలు తప్పింది. ఇంకోసారి తప్పితే మళ్లీ కొయ్యాల్సిందేనని తిరుపతి డాక్టరు గట్టిగా చెప్పాడు. ఈ బుధవారం చూపించుకోవడానికి రమ్మన్నాడు.

అందుకే ఇవాళ తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఎక్కి చూడుమా."

వాకర్ పట్టుకుని ఆమె తంటాలు పడుతుంటే, పూలాయనే సీటు వెనక్కి జరిపాడు. తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"నిదానంగా కూర్చోమ్మా. తొందరేం లేదు."

రామసుబ్బమ్మ కూర్చుంది. ముఖం విప్పారింది.

"నొప్పే తెలీలేదు నాయనా! ఎత్తుపీట మీద కూర్చున్నట్టుంది."

జగదీశ్ సేల్స్ అమ్మాయి సుధను పిలిచాడు.

"ఇదే ఇయ్యి."

"అది వేరేవాళ్లు బుక్ చేసుకున్నారు సార్. ఈరోజే డెలివరీ. మీకు ఇప్పుడు బుక్ చేస్తే రెండు నెలలు పడతాది."

"ఎవురమ్మా వాళ్లు? నేనెవురో తెలుసా నీకు?"

వెంటనే పులివెందులలో పలుకుబడి ఉన్న మేనమామకు ఫోన్ కలిపాడు. షోరూమంతా వినబడేలా "మామా, మామా" అంటూ అరిచాడు. అవతలివాడు చూద్దాంలే అని పెట్టేశాడు.

"ఒరే, బుధవారానికి పెద్ద బండి ఒకటి అద్దెకు మాట్లాడరాదా?" అంది తల్లి.

"అద్దె బండిలో పోతే మన పరువేం కావాల? డాక్టరు యాడికి పోతాడు? రెండు నెలలాగి కొత్త బండిలోనే పోదాం."

రామసుబ్బమ్మ చెయ్యి తుంటి మీదికి పోయింది. కన్నతల్లి నొప్పికంటే పరువే బరువనుకునే కొడుకుతో ఏం మాట్లాడుతుంది?

పూలాయన అంతా విన్నాడు. సుధ దగ్గరికి పోయి చిన్నగా ఏదో చెప్పాడు. ఆ అమ్మాయి వద్దన్నట్టు తల ఊపింది. ఆయన మళ్లీ చెప్పి, బయట బెంచీ మీద కూర్చున్నాడు.

కాసేపటికి సుధ వచ్చింది.

"ఆ బండి మీరే తీసుకోండి సార్."

జగదీశ్ తొడ చరిచినంత పని చేశాడు.

"చూసినావామా? ఒక్క ఫోను! ఒకే ఒక్క ఫోను!"

సాయంత్రానికి పనులన్నీ అయ్యాయి. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. గుమ్మడికాయతో దిష్టి తీశారు. అప్పుడు గుర్తొచ్చింది, దండ తేలేదని.

పూలాయన ఇంకా బెంచీ మీదే ఉన్నాడు. పొద్దుట్నించీ దండ అమ్ముడుపోక కూర్చున్నాడనుకున్నాడు జగదీశ్.

"ఓ పూలోడా! ఆ దండ ఇట్ల తీసుకురా."

ఆ మనిషి ఒక్క క్షణం దండ వైపు చూసుకున్నాడు. లేచి, అరిటాకు విప్పి, తనే బండి ముందర కట్టాడు. రెండు పక్కలా సమంగా ఉందో లేదో దూరంగా జరిగి చూసుకున్నాడు.

జగదీశ్ ఒక నోటు తీసి విసిరినట్టు చాపాడు.

"వద్దులేప్పా."

"చాల్లేదా? మీ బేరాలు నాకు తెలీవా?"

ఆయన బానెట్‌ను ఒక్కసారి తడిమాడు.

"జాగ్రత్తగా పోయిరామ్మా," అని రామసుబ్బమ్మకు చెప్పి, బస్టాపు వైపు నడిచాడు.

"పొగరు చూడు ఎంతుందో!" అన్నాడు జగదీశ్. "ఏమ్మా, ఇట్లాంటోళ్లను లోపలికి ఎట్ల రానిస్తారు మీరు?"

పొద్దుట్నించీ ఓర్చుకున్న సుధ ఇక ఆగలేకపోయింది.

"ఆయన పూలోడు కాదు సార్. కలమల్ల ఊరి బాషాగారు. ఇరవై ఏండ్లుగా కువైట్‌లో ఎవురెవురివో బండ్లు తోలతాండాడు. లీవు అయిపోయి రేపే పోతాండాడు. మళ్లీ రెండేండ్లకు గానీ రాడు."

"పోతే నాకేంది?"

"మీ ఫోనుకు ఇక్కడ ఎవురూ భయపడలేదు సార్. 'ఆ కొడుకు అద్దె బండి పెట్టడు. నేను రెండేండ్లు ఆగుతా గానీ, ఆయమ్మ తుంటి రెండు నెలలు ఆగదు' అన్నాడు ఆయన."

జగదీశ్ రోడ్డు వైపు చూశాడు. బస్టాపులో ఎవరూ లేరు. మైదుకూరు రోడ్డు మలుపులో ఆర్టీసీ బస్సు వెనక భాగం మాత్రం కనబడింది.

"పోయేలోగా ఒక్కరోజన్నా సొంత బండి తోలుకోవాలని ఆయన బుక్ చేసుకున్నది ఈ బండే సార్," అంది సుధ, "ఆ దండ ఆయన భార్య మెహబూబున్నీసా దీనికోసమే కట్టి పంపింది."