అడిగి చేసిన పని

“మీరు ఒప్పుకోనిదే ఒక్క బుడగ కూడా కిందికి దిగదు,” అని కంపెనీ అధికారిణి తొమ్మిదోసారి చెప్పింది. తొమ్మిది సభలలోనూ ఆమె ఆ మాటను విసుగన్నది లేకుండా, అదే మొదటిసారి అన్నంత శ్రద్ధతో పలికింది.

బడి గదిలో పిల్లల బల్లల మీద పెద్దవాళ్లు మోకాళ్లు ముడుచుకొని ఇరుకుగా కూర్చున్నారు. ఆకాశాన చేరిన బొగ్గుపులుసు వాయువును యంత్రాలతో పీల్చి, నీటిలో కలిపి, కాలనీ వెనుక తవ్విన బావిగుండా కిలోమీటరు లోతున ఉన్న నల్లరాతి పొరలోకి పంపుతారట. అక్కడ అది కాలక్రమాన రాయిగా మారుతుందట. కంచె కట్టారు, యంత్రాలు బిగించారు. అయితే రెండువందల పన్నెండు ఇళ్లలో మూడింట రెండు వంతులు సమ్మతించనిదే పని మొదలుపెట్టరాదన్నది చట్టం.

“మరి కంచె లోపల ఆ మోతేమిటండీ?” అని వెనుక బల్ల నుంచి తాపీమేస్త్రి అడిగాడు.

“తుప్పు పట్టకుండా యంత్రాలను ఖాళీగా తిప్పుతున్నారు.”

“మేం కాదంటే?”

“సామాను సర్దుకొని వెళ్లిపోతాం.”

“ఎప్పట్లోగా చెప్పాలి?”

“మాకేం తొందర లేదండీ. ఇంకో ఏడాదైనా ఆగుతాం.”

ఆ నిదానమే నర్సమ్మ మనసును గెలుచుకున్నది. కాలనీ వైద్యశాలలో ఇరవై రెండేళ్లుగా ఆమెది సేవ. అక్కడి పిల్లల్లో సగంమందికి మొదటి సూది వేసింది ఆమే. ఆమె ఔనంటే ఔననడానికి నూటయాభై ఇళ్లు కాచుకొని ఉన్నాయి. ఆ సంగతి తెలుసు కనుకనే ఎనిమిది నెలలుగా ఆమె పెదవి విప్పలేదు.

ఇంటికి రాగానే తండ్రి ఎదురయ్యాడు. విద్యుత్ కేంద్రంలో ముప్పైయేళ్లు కొలిమికి బొగ్గు వేసిన మనిషి ఆయన. ఆ కేంద్రంవాళ్లే ఒక సెలవురోజున, ఎవరికీ చెప్పకుండా, కాలనీని ఆనుకొని బూడిద చెరువు తవ్వారు. ఆ బూడిద పీల్చి పీల్చి నర్సమ్మ తల్లి ఊపిరాడక కన్నుమూసింది. నాటి నుంచి ఆయన ఏ కాగితం మీదా సంతకం చేసి ఎరుగడు.

“పెడుతున్నావా సంతకం?”

“ఇంకా ఏమీ అనుకోలేదు నాన్నా.”

“అనుకున్నావులే. మొహం చెబుతోంది. నా చేత బొగ్గు వేయించుకొని, ఆ బూడిద తీసుకెళ్లి మీ అమ్మ గుండెల్లో పోశారు. మరిచిపోయావా?”

“అప్పుడు మనల్ని అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నారు. అదీ తేడా.”

“మూడడుగుల నేల కావాలన్నవాడు కూడా ఎంతో వినయంగానే అడిగాడమ్మా.”

“ఆయన దేవుడు నాన్నా.”

“వీళ్లు కారుగా. నా భయమదే.”

“ఆకాశంలో చేరిన ఆ పొగ ఎవరిది? నువ్వు మండించిందీ అందులో ఉంది కదా.”

“ఆ కరెంటుతో చల్లబడ్డ మేడలెక్కడున్నాయి? అక్కడ తవ్వమను బావి!”

“అక్కడ ఆ రాయి లేదట.”

“రాయీ ఉండదు, బీదవాళ్లూ ఉండరు,” అని ఆయన గది తలుపు వేసుకున్నాడు.

ఆ రాత్రి నర్సమ్మ కాగితం తీసుకొని కూర్చున్నది. ఆ మాటకు జవాబుగా మూడు షరతులు రాసింది. ఉద్యోగాల్లో సగం కాలనీకి ఇవ్వాలి. నెలనెలా తాగునీటి పరీక్ష వైద్యశాలలో, అందరి ఎదుట జరగాలి. ఒక్క వీధి వద్దన్నా ఆ రోజే పని ఆపాలి. మూడోదానికి అధికారిణి మండిపడుతుందనుకున్నది. ఆమె మాత్రం చదివి, “న్యాయమే,” అని, ఒప్పందంలో తన చేత్తోనే చేర్చింది.

మరునాడు వేలు నలగ్గొట్టుకొని తాపీమేస్త్రి కట్టు కట్టించుకోవడానికి వచ్చాడు.

“ఏం నర్సమ్మా, కంపెనీవాళ్లు నీకు ఎన్నంతస్తుల మేడ కట్టిస్తున్నారేం?”

“నువ్వు కడితే పునాదితోనే ఆగుతుందిలే. చెయ్యి కదపకు.”

అతడు నవ్వి, అంతలోనే నవ్వు మాని, “నిజం చెప్పమ్మా. మా ఇల్లు ఆ కంచె పక్కనే. పిల్లలున్నారు. సంతకం పెట్టమంటావా?” అన్నాడు.

కట్టు ముడి వేస్తూ ఆమె మొదటిసారి పైకి అన్నది: “పెట్టు. కాదనే హక్కు మన చేతిలో పెట్టి మరీ అడిగారు. మన బతుకులో అలా అడిగినవాళ్లెవరు చెప్పు?”

సాయంత్రానికి ఆ మాట కాలనీ అంతా పాకింది. సంతకాల రోజున నూటతొంభై ఇళ్లవాళ్లు వరుస కట్టారు. బల్ల ఎత్తబోయే వేళకు తండ్రి వచ్చాడు. కలం అందుకొని కూతురివైపు చూశాడు.

“నీ మాట మీద పెడుతున్నాను. వాళ్ల మాట మీద కాదు.”

ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ రాశాడు. కాగితం కదలకుండా నర్సమ్మ అంచు పట్టుకున్నది.

ఆరంభం నాడు కాలనీవాళ్లకు తొలిసారి కంచె తలుపు తెరిచారు. “మీ చేతులమీదుగానే జరగాలి,” అని అధికారిణి నర్సమ్మను ముందుకు పిలిచి, తాను అతిథుల వైపు వెళ్లింది. లావుపాటి గొట్టానికి ఇనుప చక్రమొకటి ఉన్నది. దాని పక్కన చేతులకు నూనె మరకలతో పొరుగూరి మెకానిక్ నిలబడి ఉన్నాడు. నర్సమ్మ చక్రం మీద చేతులు వేసింది. తిప్పకుండా ఆగింది. తండ్రి వచ్చి ఆమె భుజం పట్టుకున్నాడు.

“అన్నా, లోపల రాయి పగిలి గాలి పైకి తంతే? పిల్లలున్న చోటు ఇది,” అని ఆమె మెకానిక్‌ను అడిగింది.

ఆమె కంగారు చూసి మెకానిక్ మనసు కరిగింది. వంగి, తండ్రికీ వినబడేలా, ఆప్యాయంగా అన్నాడు:

“భయమెందుకమ్మా, ఏడాదిగా రోజూ ఈ గాలిని కిందికి దింపుతూనే ఉన్నాం.”