కూయని మిషన్

తనిఖీ అధికారి బెల్ మీద వేలు అదిమిపెట్టాడు. చప్పుడు లేదు. చెవిటివాళ్ల సంఘానికి మోగే బెల్ ఎందుకులే అనుకుని తలుపు తట్టబోయేసరికి అదే తెరుచుకుంది.

"రండి సార్," అంది సంఘం కార్యదర్శి, రొప్పుతూ.

మోగని బెల్‌కు పరిగెత్తుకొచ్చి తలుపు తీసిందంటే తాను వచ్చే సంగతి ఎవరో ముందే ఉప్పందించారన్నమాట. ఆయన చటుక్కున వెనక్కి తిరిగి డ్రైవర్ వంక చూశాడు. డ్రైవర్ ఏదో అనబోయి, బుద్ధిగా బూట్లు చూసుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే!

ఈ మధ్య ఆయనకు ఎవరి మీదా నమ్మకం కుదరడం లేదు. పాలవాడు నీళ్లు కలుపుతున్నాడు. భార్య వంటింట్లో తనలో తనే ఏదో గొణుక్కుంటుంది, ఏమిటని అడిగితే "ఏం లేదులెండి" అంటుంది. ఆఫీసులో కొత్తగా చేరిన ఆడపిల్లలు తన ముందే గుసగుసలాడుతున్నారు. మొన్న కొన్న కుక్కర్ ఒక్క కూతా వేయకుండా అడుగంటింది, కొట్టువాడితో పెద్ద రగడే అయింది. ఉన్నంతలో డ్రైవర్ నయం. మోటు గొంతు, మాట సాఫీ.

ఈ తనిఖీ కూడా అలాంటి వ్యవహారమే. ప్రభుత్వం దగ్గర మిగిలిన డబ్బు ఒక్క పనికే సరిపోతుంది. ఈ సంఘానికి గ్రాంటు ఇవ్వాలా, పిల్లల నిర్బంధ గృహానికి గోడ ఎత్తు పెంచాలా? ఆయన రాసే రిపోర్టుతో తేలిపోతుంది.

లోపల చిన్న గది. బల్ల మీద పరీక్ష మిషన్, పక్కన గాజు బీరువా. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక ఆడపిల్ల కూర్చుంది.

"ఎవరీ పిల్ల?"

"నిర్బంధ గృహం నుంచి తీసుకొచ్చాం సార్. అక్కడ దీని పేరు మొండిఘటం. పిలిస్తే పలకదని ఒంటరి గదిలో వేసి తాళం పెడుతున్నారు. పాపం, దీనికి వినపడదు సార్."

"వినపడకపోతే ఆ మాట అదే చెప్పేది కదా?"

"పుట్టినప్పటి నుంచీ అంతేగా. అందరికీ ఇలాగే ఉంటుందనుకుంది."

"శిక్ష తప్పించుకోడానికి నాటకం!"

"కాదు సార్, చూడండి. కూత వినపడితే బటన్ నొక్కుతుంది." కార్యదర్శి మిషన్ మీద కూత పెంచే మర తిప్పింది. పిల్ల కదల్లేదు. ఇంకా తిప్పింది. చాలాసేపటికి నొక్కింది. "బాగా పెంచితేగానీ వినపడలేదు. చెవి మిషన్ పెడితే ఆ గదిలోంచి బయటపడుతుంది. గ్రాంటు ఆగిందంటే మాత్రం..."

"మీ మొహం చూసి నొక్కింది," అన్నాడాయన. "నాకేం కళ్లు లేవా? లేమ్మా, లే! నేను కూర్చుంటా. మీరు నా వెనక నిలబడండి, సైగలు కుదరవు."

హెడ్‌ఫోన్లు తగిలించుకుని, బటన్ మీద బొటనవేలు ఉంచి గోడవైపు తిరిగాడు.

నిశ్శబ్దం. కాలు మీద కాలు వేసుకున్నాడు. ఎదురుగా బీరువా గాజులో కార్యదర్శి చెయ్యి మర తిప్పుతూ కనిపిస్తోంది. ఎంత నటనో! మళ్లీ తిప్పింది. ఇంకా తిప్పింది. చివరికి మర ఇక తిరగక చెయ్యి ఆగిపోయింది. ఆమె ఆయన వీపు వంక బిత్తరపోయి చూస్తోంది. అచ్చం పట్టుబడ్డ దొంగ చూపు.

ఆయన హెడ్‌ఫోన్లు పీకి బల్ల మీద పడేశాడు.

"ఒక్క కూతంటే ఒక్క కూత రాలేదు! పాడైపోయిన మిషన్ పెట్టుకుని ఊళ్లో పిల్లలందరికీ చెవుడు అంటగడతారా?"

కార్యదర్శి దగ్గరికొచ్చి నెమ్మదిగా ఏదో చెప్పబోయింది.

"గొణక్కండి! నాతో మాట్లాడేటప్పుడు అందరికీ ఇదో రోగం. అయినా మీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే."

పెన్ను తీసి రిపోర్టు తెరిచాడు. 'మిషన్ పనిచేయడం లేదు. గ్రాంటు నిలిపివేయవలెను' అని రాశాడు. మొండిఘటానికి మాటలు అందలేదు గానీ, ఆ పెన్ను సంగతి అర్థమైంది. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని కార్యదర్శి కొంగు పట్టుకుంది. ఆ ఏడుపు కూడా నటనేననుకుని ఆయన సంతకానికి కలం ఆనించాడు.

అప్పుడు గుమ్మంలోంచి డ్రైవర్ మోటు గొంతుతో అరిచాడు.

"ముందు ఆ కూత ఆపండమ్మా, చెవులు చిల్లులు పడుతున్నాయి!"