వంపు లేని ఆకాశం

అంతరిక్షం చదునుగా ఉంటుందని ప్రొఫెసర్‌గారు ఎప్పుడో తేల్చేశారు. ఇక మిగిలింది ఆకాశాన్ని ఒప్పించడమే.

లెక్క సులువే. దూరపు గెలాక్సీల మధ్య ఎడం అనుకున్నంతే కనిపిస్తే అంతరిక్షం చదును. అంతకన్నా పెద్దగా కనిపిస్తే వంపు. సంస్థ కమిటీ పంపిన కొలతలు వేలకు వేలున్నాయి. అన్నీ కూడబలుక్కున్నట్టు వంపనే అంటున్నాయి.

"ఆకాశం అలా అంటోంది కదండీ మరి?" అంది భార్య, ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ. ఆవిడ ఆయన పనిచేసే పరిశోధన సంస్థలోనే కంప్యూటర్ విభాగం చూస్తుంది.

"ఆకాశానికేం తెలుసోయ్! మా గురువుగారు చదునన్నారు. నేను పుస్తకం రాసేశాను. ఇప్పుడు నాలుక మడతెయ్యమంటావా?"

పైగా కొత్త డైరెక్టర్‌ని ఎంచేది ఈ కమిటీయే. ఆ కుర్చీ కోసం ఆయన పదకొండేళ్లుగా కాచుకుని ఉన్నారు.

మొదట మబ్బు పట్టిన రోజుల కొలతలు తీసేశారు. వంపు తగ్గలేదు. తర్వాత టెలిస్కోప్ ఆపరేటర్‌కి జలుబు చేసిన వారం తీసేశారు. కాస్త దారికొచ్చింది. ఆపైన కారణాలు రాసుకోవడం కూడా మానేసి, బియ్యంలో రాళ్లేరినట్టు ఏరి పారేశారు.

"ఏమండీ, నా మాట వినండి. ఏరకుండా ఉన్నదున్నట్టు చూపించండి," అందావిడ, ఆయన గుమ్మం దాటబోతుంటే.

"నీకన్నిటికీ భయమే!"

"నా భయం మీ గురించేనండీ."

ఆయన అప్పటికే మెట్లు దిగిపోయారు.

కమిటీ ముందు గోడ మీద ఆయన గ్రాఫు గీత వెలిగింది. తాడు లాగి కట్టినంత తిన్నగా ఉంది. అధ్యక్షురాలు కళ్లజోడు సవరించుకుని చూసింది.

"ఎక్కడా ఇసుమంత వంపైనా లేదా ప్రొఫెసర్‌గారూ?"

"ఉంటే కదండీ! అద్దంలా ఉంది."

"కొలతలన్నీ వాడారా?"

"ఒక్కటీ వదల్లేదు." ఆయన గొంతు తడబడలేదు. "మనుషులు ఆడితే ఆడతారేమో గానీ, ఆకాశం అబద్ధమాడదండీ."

అధ్యక్షురాలు ఫైలు మూసి పక్కన పెట్టింది.

"ఆకాశాన్నెందుకు లెండి మధ్యలోకి లాగడం, అసలు కొలతలింకా మా బీరువాలోనే ఉన్నాయి, మీ పనితీరు చూద్దామని మీకు పంపినవేమో, ఎవరికీ చెప్పకూడదని ఒట్టేయించుకుని మీ ఆవిడ చేత మేం వంపు పెట్టించి తయారు చేయించినవి."