గురువు పేరు ఒక్కటి చాలు

"కదలకండి గురువుగారూ. మైనం సరిగ్గా పట్టకపోతే తెలుపు నిలవదు," అంది స్పందన.

"నువ్వు పుట్టకముందు నుంచి ముఖానికి రంగేసుకుంటున్నాను. నాకు చెప్పకు," అంది ఉమామహేశ్వరి.

స్పందన మైనం ముద్దని అరచేతుల మధ్య కరిగించి ఆమె నుదుటికీ, బుగ్గలకీ, మెడకీ రుద్దింది.

అమెరికాలోని నోవై ఊళ్ళో ఒక హైస్కూల్ ఆడిటోరియం వెనక గది అది. బయట హాల్లో జనం కూర్చుంటున్నారు. కార్ల కంపెనీల కోసం ఆ ఊరికి వచ్చినవాళ్ళలో మనవాళ్ళూ జపాన్‌వాళ్ళూ బాగా ఉన్నారు. రెండు సంఘాలూ కలిసి పెట్టుకున్న కార్యక్రమం. చివరి అంశం ఉమామహేశ్వరి డాన్స్ స్కూల్‌ది. జపాన్ నర్తకి గెయిషా వేషంలో కూచిపూడి.

ఉమామహేశ్వరికి పొద్దుటి నుంచీ ఒళ్ళు మండుతూనే ఉంది. తను కాఫీ తాగుతుంటే ఈ పిల్ల బేస్‌మెంట్‌లోంచి పైకొచ్చి, డాన్స్ కంపోజ్ చేసింది తనేనని స్టేజీ మీద అనౌన్స్ చేయించమంది. చేసింది ఆ పిల్లే, ఉమామహేశ్వరీ కాదనలేదు. ఎం.ఎస్. చదువుకుంటూ చలికాలమంతా ఎవరో జపాన్ పెద్దావిడ ఇంటికి తిరిగి విసనకర్ర పట్టడం, ఈ రంగు వేయడం నేర్చుకొచ్చింది. గెయిషా వేషం కూడా తనే కట్టాలనుకుంది. జపనీస్ సంఘం అధ్యక్షురాలు హిరానో గారు ముఖ్య అతిథి అని తెలిశాక ఉమామహేశ్వరే ఆ వేషం తీసుకుంది. అంతటి మనిషి ముందుకు గురువు రాకుండా శిష్యురాలిని పంపుతారా? అయినా ఈ పిల్ల జతులు దిద్దిందెవరు? ఇండియా నుంచి వచ్చిన కొత్తలో ఇల్లు దొరక్క ఏడుస్తుంటే తెచ్చి పెట్టుకున్నదెవరు? ఆ మాటలన్నీ పొద్దున్నే అనేసింది. అన్నా చల్లారలేదు.

స్పందన తెల్లపొడిని నీళ్ళలో కలిపి వెడల్పు బ్రష్‌తో పూసింది. జుట్టు మొదళ్ళ దగ్గర సన్నగా చర్మం కనిపించేలా వదిలేసింది.

"అక్కడ వదిలేశావేం? అతుకేసినట్టుంది."

"అది వాళ్ళ పద్ధతండి."

మెడ వెనక రెండు చారలు రంగు వేయకుండా వదిలితే మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే జవాబు. కనుబొమలకి నలుపు, కళ్ళ చివర ఎరుపు దిద్దేసరికి ఉమామహేశ్వరికి అడిగే ఓపిక పోయింది. ఈ పిల్ల నెమ్మదే ఆమెకి మరీ మంటగా ఉంది. ఏడిస్తే ఓదార్చవచ్చు, ఎదురు తిరిగితే తిట్టవచ్చు. ఇలా చెయ్యి వణక్కుండా బ్రష్ పట్టుకుని నిలబడితే ఏం చేస్తాం?

ఎర్రరంగు గిన్నె చేతిలోకి తీసుకుని స్పందన ఆగింది.

"గురువుగారూ, చివరిసారి అడుగుతున్నా. మీ పేరు తర్వాతే చెప్పించండి. చిన్నగానే చెప్పించండి. కానీ నా పేరు చెప్పించండి."

"గురువు పేరు చెప్తే శిష్యులందరి పేర్లూ చెప్పినట్టే. మా గురువుగారి దగ్గర మేమెవరం అడగలేదు. నీకు అంత సరదాగా ఉంటే నీ స్కూల్ నువ్వు పెట్టుకో. రేపే సామాను సర్దుకో."

స్పందన గిన్నెలో సన్న బ్రష్ ముంచి, వంగి, కింది పెదవికి రంగు వేసింది. బ్రష్ కడిగి పక్కన పెట్టింది.

అద్దంలో చూసుకుని ఉమామహేశ్వరి మొహం చిట్లించింది. "పై పెదవి మర్చిపోయావు."

"మర్చిపోలేదండి. ఇదీ వాళ్ళ పద్ధతే. ముందు వరసలో ఉన్నవాళ్ళకి చూడగానే తెలుస్తుంది."

"తెలియాలి మరి," అంది ఉమామహేశ్వరి. విగ్గు పెట్టించుకుని లేచింది. "తాళాలు తీసుకుని స్టేజీ పక్కన కూర్చో. జతి తప్పావో, ఊరుకోను."

జతి తప్పలేదు. ఉమామహేశ్వరి అడుగూ తప్పలేదు. తెర లేవగానే ముందు వరసలో జపాన్ ఆడవాళ్ళు ఆమె ముఖం చూసి ఒకరికొకరు ఏదో చెప్పుకున్నారు. ఆమె దాన్ని తన మెప్పు లెక్కలో వేసుకుంది. చివర్లో హాలంతా లేచి నిలబడింది. మైకులో ఆమె పేరొక్కటే చెప్పారు. పొద్దుటి నుంచీ ఉన్న మంట అప్పుడు కొంచెం తగ్గింది.

హిరానో గారు పూలగుత్తితో స్టేజీ ఎక్కారు. ఉమామహేశ్వరి రెండు చేతులూ చాచింది. ఆవిడ ఆమె ముఖంలోకి చూసి, నవ్వి, భుజం తట్టి ముందుకు వెళ్ళిపోయారు. తాళాలు పట్టుకుని కూర్చున్న స్పందన ముందు నడుం వంచి నమస్కరించి పూలు ఆమె చేతిలో పెట్టారు.

ఉమామహేశ్వరి గబగబా అక్కడికి నడిచింది. కోపం దిగమింగి నవ్వు తెచ్చుకుని, పొరపాటు జరిగిందని, ఇక్కడ గురువు తనేనని ఇంగ్లిష్‌లో చెప్పింది.

హిరానో గారు అర్థం కానట్టు ఆమె ముఖంలోకి మళ్ళీ చూశారు.

"కింది పెదవికి మాత్రమే రంగు వేసేది మొదటి ఏడాది శిష్యురాలికి కదా?"